ధారావాహికాభిమానుల ఆశాభంగము: ఒక రసవిఘ్న విచారము

కావ్యము రుచించినపుడు సహృదయుడు పొందు అనుభవమును మన ఆలంకారికులు మిక్కిలి విస్తరముగా వివరించిరి. రుచింపనపుడు అతడేమగునో చెప్పినవారు తక్కువ. అయినను ఆ కొలదిపాటి చర్చలో భరతుడును అభినవగుప్తుడును చెప్పిన మాటలు నేటి కొక విషయమును విప్పుటకు చాల పనికివచ్చునని నా నమ్మకము. ఆ విషయ మిది. వైజ్ఞానిక కల్పనతో గూడిన ధారావాహికలను సంవత్సరముల తరబడి విడువక చూచు అభిమానులు, అందలి ఒక ఎపిసోడు తమ ఆశకు తగినట్లు లేనపుడు, ఇది జరుగునా, ఇది నమ్మదగినదా అని కోపింతురు. అంతకు ముందు వంద అసంభవములను చిఱునవ్వుతో సహించినవారు నూట యొకటవ అసంభవమును సహింపరు. శాస్త్రదృష్టితో చూచినచో మొదటి వందకును ఈ యొకదానికిని భేదము లేదు. మఱి ఈ కోప మెక్కడనుండి వచ్చినది?

ప్రశ్న చిన్నదిగానే కనబడును. కాని ప్రేక్షకుని అసంతృప్తిని సాహిత్యవిచారమున సాక్ష్యముగా గైకొనవచ్చునా, లేక దానిని వీధిలోని కోలాహలముగా నెంచి తలుపు మూసికొనవలెనా అను పెద్ద ప్రశ్న దీని వెనుక నున్నది. నేను పరిశోధన చేయు దినములలో వారపత్రికల ధారావాహిక నవలలపై పనిచేయుచు, పాఠకుల లేఖలను పెక్కింటిని ప్రతి వ్రాసికొంటిని. సిద్ధాంతగ్రంథమును ముగించునపుడు అవి విమర్శ కావని నేనే వానిని తొలగించితిని. అది తప్పని తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది. తెలిపినవారు నా విద్యార్థులు.

నేను పాఠము చెప్పు కళాశాల చేవెళ్లలో నున్నది. హైదరాబాదునుండి పడమరకు పోవు మార్గము గండిపేట, హిమాయత్ సాగరు జలాశయముల నడుమగా సాగి మొయినాబాదు చేరి, అటనుండి పెద్ద పెద్ద మఱ్ఱిచెట్ల నీడన చేవెళ్లకు వచ్చును. మా విద్యార్థులలో పలువురు ఆ మార్గమున బస్సెక్కి వచ్చువారే. కూరగాయలు, పూలు పండించు ఇండ్లవారు కొందఱు. చిలుకూరు బాలాజీ దేవాలయము చుట్టుపట్ల చిన్న దుకాణములు పెట్టుకొన్న ఇండ్లవారు కొందఱు. మొయినాబాదు తోటబంగళాలలో సినిమా చిత్రీకరణము జరుగుట వారికి వింత కాదు. కెమెరాను, దీపములను, రంగు పూసికొని చెట్టుక్రింద కూర్చున్న నటుని వారు దగ్గఱనుండి చూచియున్నారు. కల్పన ఎట్లు తయారగునో ఎఱుగని అమాయకులని వారినిగూర్చి అనుకొనుటకు వీలులేదు. ఈ మాట ముందే చెప్పుటకు కారణము కలదు. అభిమాని కోపమును అజ్ఞానముగా కొట్టివేయుట మన పండితవర్గమున అలవాటు.

2014వ సంవత్సరమున వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరచినపుడు వారి నోట నానుచున్న విషయము 'చందమామలో అమృతం' అను చలనచిత్రము. అది ఆ మే నెలలో విడుదలయ్యెను. దానికి మూలము 'అమృతం' అను టెలివిజను ధారావాహిక. గుణ్ణం గంగరాజు సృష్టించి నిర్మించిన ఆ హాస్యధారావాహిక జెమిని టి.వి.లో 2001 నవంబరునుండి 2007 నవంబరు వఱకు ఆదివారపు రాత్రులయందు ప్రసారమైనది. ఎపిసోడులు మూడు వందలకు పైబడినవి. త్వరగా ధనికుడు కావలెనను తొందర, ఆ తొందరకు తగని మంచితనము గల అమృతరావు, అతని ప్రతి వెఱ్ఱి యుపాయమునకును కడకు తల యొగ్గు మిత్రుడు ఆంజనేయులు, వారి భార్యలు సంజీవనియు శాంతయు, 'అమృత విలాస్' అను హోటలు, అందలి పనివాడు సర్వము, అద్దె యడిగి పీడించు యజమాని అప్పాజీ. ఇంతమాత్రపు సామగ్రితో ఆఱు సంవత్సరములు కథ నడచెను. మా విద్యార్థులు ఆ కాలమున పసివారు. తరువాత యూట్యూబులో మఱల మఱల చూచి సంభాషణలు కంఠస్థము చేసికొన్నవారు.

'చందమామలో అమృతం' ఆ ఇంటిహాస్యమును వైజ్ఞానిక కల్పనతో ముడివేసినది. దర్శకుడు గంగరాజే. అమృతరావును, ఆంజనేయులును, వారి హోటలు తలపును చంద్రమండలమున కెక్కించినది. అప్పాజీగా శివన్నారాయణ, సర్వముగా వాసు ఇంటూరి ధారావాహికలో వలెనే నటించిరి. అమృతరావు పాత్రను అవసరాల శ్రీనివాస్, ఆంజనేయులు పాత్రను హరీష్ ధరించిరి. చిత్రమునకు ఆశించిన ఆదరణ రాలేదు.

ఆ దినమున తరగతిలో నేను వినిన ఆక్షేపణలలో మొదటివన్నియు శాస్త్రసంబంధమైనవి. చంద్రునిపై గాలి లేదు, నీరు లేదు, బరువు తగ్గును, హోటలెట్లు నడచును? పాఠము చెప్పువాని సహజమైన అతిశయముతో నేను, "హాస్యమునకు భౌతికశాస్త్రముతో పని యేమి? అమృతరావు ఇంతకు ముందు వేసిన ఏ పథకము సాధ్యమైనది?" అంటిని. తరగతి కొంతసేపు మాటాడలేదు. పిదప వెనుక బల్లనుండి ఒకడు, "చందమామ మీదికి పోతే పోనియ్ సార్. అంజి అంజి లెక్క ఉండాలె గద!" అనెను. నటుడు మారుట వలన వచ్చిన బాధ యని నేను తేల్చి, గుండు హనుమంతరావును మఱచుట కష్టమే యంటిని. మొయినాబాదునుండి వచ్చు ఒక విద్యార్థిని వెంటనే నా తీర్పును కొట్టివేసినది. "అమృతం అయితే రెండుసార్లు మారిండు గద సార్, అప్పుడు మాకేం కాలే." ఆమె మాట నిజము. ధారావాహికలో అమృతరావు పాత్రను మొదట శివాజీ రాజా, పిదప నరేష్, ఆ పిదప హర్షవర్ధన్ ధరించిరి. ముఖము రెండు మార్లు మారినను పాత్ర నిలిచినది. కావున మారినది ముఖము కాదు, మఱేదో మారినది. అది యేమో ఆ దినమున వారు చెప్పలేకపోయిరి, నేనును చెప్పలేకపోతిని.

ఇట్టి ఆశాభంగమున కెల్ల ప్రసిద్ధోదాహరణము అమెరికాలో నున్నది; దాని పూర్వకథయే మిక్కిలి రుచికరము. 'స్టార్ ట్రెక్' అను వైజ్ఞానిక ధారావాహిక 1966 సెప్టెంబరు 8న ఎన్.బి.సి. ప్రసారములలో ఆరంభమైనది. రెండవ సంవత్సరము ముగియకముందే దానిని నిలిపివేయుదురను వార్త పుట్టగా, బిజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ ట్రింబుల్ మొదలగు అభిమానులు లేఖోద్యమము సాగించిరి. వేలకొలది లేఖలు సంస్థకు చేరెను. 1968 మార్చిలో ఒక ఎపిసోడు ముగిసిన వెంటనే, ధారావాహిక కొనసాగునని సంస్థ ప్రసారముననే ప్రకటించెను. ప్రేక్షకులు లేఖలు వ్రాసి కథను బ్రతికించుకొనిరి. అట్లు బ్రతికిన మూడవ భాగము 1968 సెప్టెంబరు 20న, శుక్రవారము రాత్రి పది గంటలకు, 'స్పాక్స్ బ్రెయిన్' అను ఎపిసోడుతో మొదలయ్యెను. అభిమానులు మొత్తము 79 ఎపిసోడులలో అధమమైన వాని పేరు చెప్పుమన్నచో నేటికిని తఱచుగా చెప్పు పేరు అదియే.

స్పాక్ సగము మానవుడు, సగము వల్కన్ అను గ్రహవాసి. తర్కమే ప్రాణముగా గలవాడు. ఆ పాత్రను లెనార్డ్ నిమాయ్ ధరించెను. ఈ ఎపిసోడున ఒక అపరిచిత స్త్రీ నౌకలో ప్రత్యక్షమై అందఱను మూర్ఛితులను జేసి, స్పాక్ తలలోని మెదడును తీసికొని పోవును. ఆమె లోకమున భూగర్భమందలి నివాసములను నడపుట కొక మెదడు కావలసియుండెను. నాయకుడు కిర్క్, వైద్యుడు మెక్కాయ్ మొదలగువారు మెదడులేని స్పాక్ శరీరమును చేతిలోని మీటలతో బొమ్మవలె నడిపించుచు వెదకబోవుదురు. కడపట మెక్కాయ్ ఒక యంత్రమును తలకు తగిలించుకొని ఆ లోకపు పూర్వవిజ్ఞానమును క్షణములో సంపాదించి శస్త్రచికిత్స మొదలిడును. నడుమ ఆ జ్ఞానము జాఱిపోవుచుండగా, మాట మఱలవచ్చిన స్పాకే తన మెదడును తలలో కుదుర్చు విధమును వైద్యునకు బోధించును. దీనిని వ్రాసినవాడు పాత్రలనెఱుగని క్రొత్తవాడు కాడు. ఆ ధారావాహికకే అంతకు ముందు నిర్మాతగా నుండి మంచి ఎపిసోడులు వ్రాసిన జీన్ ఎల్. కూన్ దీనిని లీ క్రోనిన్ అను మాఱుపేరుతో వ్రాసెను. చిత్రీకరణ దినములలో తాను సిగ్గుపడితినని నిమాయ్ తరువాత తన గ్రంథమున చెప్పుకొనెను.

అభిమానులు దీనిపై చెప్పిన దోషములను చూడుడు. మెదడు తీసిన తలపై గాయపు జాడ లేదు. శరీరము మెదడు లేక నిలువజాలదు. ఇట్టి చికిత్స అసాధ్యము. ఇవి యన్నియు సత్యములే. కాని ఆ ప్రేక్షకులే రెండేండ్లుగా ప్రతి వారమును మనుష్యులు అణువులుగా విడిపోయి మఱొకచోట యథాతథముగా కూడుకొనుటను చూచిరి. వెలుగుకంటె వేగముగ నౌక పోవుటను చూచిరి. ఏ గ్రహమునకు పోయినను అచటివారు చక్కని ఇంగ్లీషు మాటాడుటను వినిరి. అప్పుడెవ్వరును లెక్కలు తీయలేదు. ఇప్పుడు తీసిరి.

ఇచట అభినవగుప్తుని ఆశ్రయింతము. నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున రససూత్రమును వ్యాఖ్యానించుచు ఆయన రసప్రతీతి కడ్డువచ్చు విఘ్నములను ఏడింటిని చెప్పెను. అందు మొట్టమొదటిది సంభావనావిరహము, అనగా చూచుచున్న దానిని సంభవమని మనస్సు గ్రహింపలేకపోవుట. వస్తువును సంభవమని తలపనివానికి దానియందు మనస్సు నిలువదు. నిలువనిచోట విశ్రాంతి యెక్కడిది? దీనికి ఆయన రెండు విరుగుడులు చెప్పెను. లోకసామాన్యమైన విషయమునకు హృదయసంవాదమే చాలును. లోకసామాన్యము కాని చేష్టితములకు మాత్రము రాముడు మొదలగు ప్రఖ్యాతుల పేళ్లను గ్రహింపవలెను. ఏలయన, తెగని ప్రసిద్ధివలన ఆ పేళ్లయందు మనకు పూర్వమే గాఢమైన విశ్వాసము నాటుకొనియున్నది. హనుమంతుడు సముద్రము దాటినాడన్నచో మనము యోజనములను కొలువము. ఆ పేరు పలుకగనే ఆ చేత చెల్లిపోవును.

ఆయనకు పూర్వుడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఇదే విషయమును మఱొక మొగమునుండి చర్చించెను. కేవలమానుషుడైన రాజునకు సప్తసముద్రలంఘనాది చేష్టలు కల్పించుట అనౌచిత్యమని ఆయన చెప్పగా, సాతవాహనాదులు నాగలోకమునకు పోయినట్లు వినుచున్నాము గదా యని ఆక్షేపణము వచ్చును. రాజుల అతిశయప్రభావమును వర్ణింపరాదని మేమనుటలేదు, కేవలమానుషమైన ఉత్పాద్యకథలో దివ్యమునకు తగినదానిని అతికించుటయే దోషమని ఆయన సమాధానము. మన సాతవాహనుని నాగలోకగమనమును చర్చించిన ఈ పుట మా తరగతి కొచ్చినపుడు నాకు ఆ పాత తగవు జ్ఞప్తికి వచ్చినది. అమృతరావు చంద్రలోకగమనము ఈ కోవలోనిదే కదా?

అయితే ఒక చిక్కున్నది. అమృతరావు పుట్టుకచేత ఉత్పాద్యుడు. పురాణమున లేడు, చరిత్రలో లేడు. స్పాక్ అంతే. ఆలంకారికుల విభాగము ప్రకారము వీరి కథలకు ప్రసిద్ధి యను బలము లేదు. కథావస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రమము అని మూడు విధములనుట మనకు పాఠ్యవిషయము. భట్టుమూర్తి వసుచరిత్రమున కేవలకల్పితకథలను కృత్రిమరత్నములతోను, పూర్వకథలను గనిలో పుట్టిన రత్నములతోను, మిశ్రకథలను సానబట్టిన జాతిరత్నములతోను పోల్చెను. ఈ విభాగమంతయు కథ ఒక్కసారి చెప్పబడి ముగియునను తలపుపై నిలిచినది. ధారావాహిక యను ప్రక్రియ ప్రాచీనులకు ఈ రూపమున లేదు. అందు ఉత్పాద్యమైన పాత్ర వారము వారమును కనబడుచు, ఏండ్లు గడచిన కొలది, ప్రఖ్యాతమగును. మూడు వందల ఆదివారములు ఒక మనిషిని ఎఱిగినవారికి అతడు కల్పితుడా కాడా యను విచారము పోయి, అతడిట్టివాడను నిశ్చయము మాత్రము మిగులును. పురాణమునకు శతాబ్దములలో కలుగు ప్రసిద్ధి ధారావాహికకు సంవత్సరములలో కలుగుచున్నది. పలుచని ప్రసిద్ధియే, కాని ప్రసిద్ధియే.

వైజ్ఞానిక కల్పన ఆ ప్రసిద్ధిని పూచీగా పెట్టుకొని అప్పు చేయును. చేవెళ్ల ప్రాంతపు రైతున కీ మాట విడమరచి చెప్పనక్కఱలేదు. పూచీ పడిన పెద్దమనిషి నిలిచియున్నంత కాలము ఎవ్వరును కాగితములు చూడరు. అతడు తప్పుకొన్న దినమున పాత పద్దులన్నియు బయటికి వచ్చును. 'స్పాక్స్ బ్రెయిన్' చూచినవారి శాస్త్రీయాక్షేపణలు ఆ పాత పద్దులు. నిజముగా తప్పుకొన్నది స్పాకే. ఏ తర్కబుద్ధివలన అతడు స్పాకో, దానిని బయటికి తీసి, మిగిలిన శరీరమును మీటనొక్కి నడపు బొమ్మగా జేసి, నవ్వు రావలసిన చోట్ల గంభీరముగను, గాంభీర్యము వలయు చోట్ల నవ్వు పుట్టునట్లును కథ నడపిరి. ఆ తర్కబుద్ధి వెనుక నిలిచియున్నందుననే అణువులుగా విడిపోవుటయు, వెలుగును మించిన వేగమును చెల్లినవి. అది కూలగనే ఆకసమునుండి పడిన రాయివలె అసంభవము కంట బడినది. అనౌచిత్యముకంటె రసభంగమునకు వేఱు కారణము లేదని ఆనందవర్ధనుడు నిశ్చయించి చెప్పియున్నాడు. ఇట అనౌచిత్యము మొదటిది, సంభావనావిరహము దాని ఫలము. అభిమాని ఫలమును చూపి కోపించును, హేతువును చెప్పలేకపోవును. మా తరగతిలో గాలి లేదు, నీరు లేదు అన్నవారు ఫలమును చెప్పిరి. అంజి అంజి లెక్క లేడన్నవాడు హేతువును తాకెను.

సంభావన జనులలో తక్కువ యనుకొనుట పొరపాటు. అది కావలసినంత కలదు. మొయినాబాదు, చేవెళ్లలు దాటి ముందుకు సాగు మార్గమే వికారాబాదు జిల్లాకు పోవును. ఆ జిల్లా మర్పల్లి మండలమున 2022 డిసెంబరులో ఒక పెద్ద గుండ్రని పెట్టె పొలములో దిగినది. హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూను కేంద్రమునుండి ఒక స్పెయిన్ దేశపు సంస్థ పరీక్షకై పైకి పంపిన వస్తువది. సంగతి తెలియుటకు ముందు గ్రామస్థులు గుంపులుగా చేరి, అది వేఱు లోకపుదేమో యని తలచిరి. మా విద్యార్థులకు ఆ వార్తకంటె దాని వివరణము ఎక్కువ బాధ కలిగించినది. లోపల ఎవ్వరును లేరా యని ఒకడు నన్నే నిందించినట్లు చూచి అడిగెను. నమ్ముటకు ఇంత సిద్ధముగ నున్నవారు ఒక ఎపిసోడును నమ్మలేదన్నచో లోపము వారి నమ్మికలో నున్నదని చెప్పరాదు.

తెలుగు చలనచిత్రములలో ఈ మర్మమును ఎఱిగి వ్యవహరించినవారు లేకపోలేదు. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369'లో కాలయంత్రము మన ప్రేక్షకునకు పూర్తిగా క్రొత్త వస్తువు. దానిని ఆయన ఎచట దించెను? తెలుగువాని మనస్సున మిక్కిలి గాఢముగ నాటుకొన్న శ్రీకృష్ణదేవరాయల సభలో, తెనాలి రామకృష్ణుని యెదుట. యంత్రమును నమ్మనివాడు కూడ రాయలను నమ్మును. ఆ నమ్మిక యంత్రమునకు ప్రాకును. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' భవిష్యత్కాలమునకు అశ్వత్థామను పిలిచికొన్నది. 1957 నాటి 'మాయాబజార్'లోని ప్రియదర్శిని పేటిక నేడు మనకు యంత్రమువలెనే కనబడును. నాడు ఎవ్వరికిని అది ఎట్లు పనిచేయునను సందేహము కలిగియుండదు, కృష్ణుని చుట్టమునకు దక్కిన వస్తువు గనుక. వీరు అభినవభారతిని చదివి చేసిరని నే ననను. కథ చెప్పువాని అనుభవమే శాస్త్రకారునకు ఆధారమగుట సహజము.

ఇంతవఱకు అభిమాని పక్షమున మాటాడితిని. అతని కోపమంతయు సాక్ష్యమే యనుకొన్నచో మఱొక పొరపాటు జరుగును. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నములలో మూడవది నిజసుఖాదివివశీభావము. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడైయున్నపుడు ఎదుటి వస్తువునందు మనస్సు పెట్టలేడు. దీనికి విరుగుడుగా గానవాద్యములు, రంగశాలాలంకారములు మొదలగునవి చెప్పబడినవి. 'అమృతం' ధారావాహికకు కల్యాణి మాలిక్ కూర్చిన శీర్షికగీతము చేసిన పని యిదియే. ఆ పాట మొదలు కాగానే వంటయింటి చింతతో నున్నవారు కూడ అది మఱచి వచ్చి కూర్చుండెడివారు. మా ఇంటను అంతే. కాని సంవత్సరములు గడచిన పిదప అదే పాట విఘ్నము కాగలదు. 2020 మార్చి 25న, ఉగాదినాడు, 'అమృతం ద్వితీయం' అను పేర జీ5లో క్రొత్త కథలు వచ్చెను. దేశమంతట లాక్‌డౌను మొదలైన దినము కూడ అదియే. హర్షవర్ధన్ అమృతరావుగా మఱల కనబడెను. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలోనే కాలధర్మము చెందియుండుటచే ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరాం వచ్చెను. ఎల్.బి. శ్రీరాం హాస్యమున ఆఱితేరిన నటుడు. అయినను మొదటి ఎపిసోడు చూచిన నాకు కంట నీరు తిరిగినది. నవ్వు రాలేదు. అది ఎపిసోడు దోషమా? నేను చూచుచున్నది తెరను కాదు. పెండ్లికి ముందు నలుగురు మిత్రులతో అద్దెగదిలో ఆదివారము రాత్రి చూచిన మఱొక తెరను. ఇట్టి ఆశాభంగము ప్రేక్షకుని జీవితచరిత్రకు చెందును గాని కథావిమర్శకు చెందదు.

1968 నాటి అమెరికా అభిమానుల కోపమున కూడ కొంత భాగమిట్టిది. తాము లేఖలు వ్రాసి నిలిపిన కథ యను మమకారము వారికుండుట సహజము. తాను బావి త్రవ్వించిన ఊరిలో నీరు ఉప్పనైనచో ఆ మనిషి బాధ తక్కినవారి బాధకంటె వేఱు. దానిని నీటిగుణమునకు ప్రమాణముగా పెట్టుకొనరాదు. అయినను 'స్పాక్స్ బ్రెయిన్' విషయమున నాకు సందేహము లేదు. లేఖలు వ్రాయనివారును, ఆ కాలమున పుట్టనివారును, తరువాత దశాబ్దములలో పునఃప్రసారములయందు చూచి అదే తీర్పు చెప్పిరి. 'చందమామలో అమృతం' విషయమున అంత నిశ్చయముగ చెప్పలేను. చంద్రగమనము అమృతరావు స్వభావమునకు విరుద్ధము కాదు, అతని ఉపాయములకు సహజమైన చివరిమెట్టు. చిన్న చిక్కులో చిక్కి అరగంటలో బయటపడు పాత్రలను పూర్తి చలనచిత్రపు నిడివికి సాగదీయుట వలన ఆంజనేయుల నసుగుడునకు చోటు తగ్గి, సంఘటనల కెక్కువ చోటు దొరకినదని నా తలపు. దీనితో మా విద్యార్థులలో కొందఱు ఏకీభవింపరు.

భరతుడు ప్రేక్షకుని మాటకు ఎంత విలువ యిచ్చెనో ఇరువదియేడవ అధ్యాయమున చూడవచ్చును. ప్రయోగసిద్ధి దైవికి యనియు మానుషి యనియు ద్వివిధము. మానుషి వాఙ్మయమును శారీరమును అగును. చిఱునవ్వు, పెద్దనవ్వు, బాగు బాగనుట, అయ్యో యనుట, కోలాహలము, గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, ఉంగరము విసరుట ఇవి యన్నియు చిహ్నములు. ప్రాశ్నికులతో కూడ వీనిని గుర్తించుటకు లేఖకుడు, గణకుడు అను వారును చెప్పబడిరి. దోషములకు ఘాతములని పేరు. అందు దైవమువలన వచ్చునవి, నటుని వలన వచ్చునవి కాక, పరులవలన వచ్చునవి యని యొక తెగ కలదు. మాత్సర్యముచేతను, ద్వేషముచేతను, పక్షపాతముచేతను, ధనము పుచ్చుకొనియు కొందఱు చప్పట్లు చఱచి అల్లరి చేయుదురు. పేడ, మట్టిగడ్డలు, గడ్డి విసరుదురు. నేటి చలనచిత్రముల విడుదలదినమున ఒక నటుని అభిమానులు మఱొకనటుని చిత్రముపై చేయు రభసనెఱిగిన మనకు ఈ భాగము చదువుచున్నపుడు రెండువేల యేండ్ల దూరము తోపదు. పరిశోధకుడు మొట్టమొదట చేయవలసినది ఈ పేడను వేఱుచేయుట. అది కష్టమైన పని కాదు. పగవాడు కథ నడుమ జరిగిన దేమో చెప్పలేడు. ఆశాభంగము పొందిన అభిమాని ఏ దృశ్యమున, ఏ మాటయొద్ద తన మనస్సు విఱిగినదో చెప్పును.

ఇట్టి అభిమానిని నేను పుస్తకములలో చూచుటకు చాల ముందే మా ప్రాంతమున చూచియుంటిని. చేవెళ్లకు దగ్గఱ పల్లెలలో కురుమలు ఒగ్గు కథ చెప్పించుకొందురు. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రుల తరబడి సాగును. అదియు ధారావాహికయే. నా చిన్నతనమున ఒక రాత్రి కథకుడు ప్రొద్దు పోయినదని తొందరపడి ఒక ఘట్టమును కుదించి, దేవుని నోట ఒక తేలిక మాట పలికించెను. దేవుడు ఆకసమున నడచినపుడును, పులి మాటాడినపుడును ఊఁ కొట్టుచుండిన ఒక ముసలి గొంగడిపెద్ద వెంటనే డోలు నాపించి, "గట్లనడు మా మల్లన్న. మల్ల చెప్పు" అనెను. కథకుడు నొచ్చుకొనలేదు. తాళము వేయువాని వైపు చూచి, గొంతు సవరించుకొని, ఘట్టము మొదటికి పోయి మఱల ఎత్తుకొనెను. ముసలివాడు గొంగడి సర్దుకొని తెల్లవాఱు వఱకు కూర్చుండెను.

సిద్ధాంతగ్రంథమునుండి నేను తొలగించిన లేఖల ప్రతులలో కొన్ని చెదలు తినగా మిగిలినవి ఇంటనున్నవి. ఈ సంవత్సరము ఇద్దఱు పరిశోధక విద్యార్థులు వానిని తేదీల వరుసన పెట్టుచున్నారు. ఏ లేఖ ఏ వారపు భాగమునకు జవాబో, ఆ భాగము వచ్చిన సంచిక ఎచట దొరకునో, రచయిత తరువాతి వారములలో కథను మార్చెనా లేదా అను సంగతులు మొదట తేలవలెను.